సందు చివరి చెవి డాక్టరు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, ఆఫీసు కాల్ మధ్యలో హెడ్‌సెట్ కుడివైపు పనిచెయ్యడం మానేసింది. వైరు పీకి పెట్టా, డ్రైవర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా, చివరికి పక్కసీటువాడి హెడ్‌సెట్ లాక్కున్నా. అదీ అంతే. అనుమానమొచ్చి దాన్ని తిరగేసి పెట్టుకున్నా. పోయింది హెడ్‌సెట్ కాదు, నా కుడి చెవి!

నొప్పి లేదు, జలుబు లేదు. చెవిలో దూది కుక్కినట్టుంది, అంతే. "గుబిలి అయ్యుంటుంది, గోరువెచ్చటి కొబ్బరినూనె రెండు చుక్కలు వేసుకో నాన్నా" అంది అమ్మ ఫోన్లో (ఎడమ చెవితో విన్నా లెండి). వేసుకున్నా. ఒక రోజు పోయింది.

మర్నాడు అందరూ చేసే పనే చేశా. నెట్లో రేటింగులు చూసి ఒక పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే "శనివారం రండి సార్" అన్నారు. గుబిలే కదా అని సరేనన్నా. ఈలోపు చుక్కలమందు వేద్దామని మా కూకట్‌పల్లి సందులో మందులషాపుకి వెళ్ళా. షాపతను మందు ఇవ్వలేదు. "ముందు డాక్టరుకి చూపించన్నా, ఈ సందు చివర మేడమీదే ఈఎన్‌టీ ఉన్నారు" అన్నాడు. మూడేళ్ళుగా ఆ మేడ కిందే ఇడ్లీ తింటున్నా, తలెత్తి బోర్డు చూస్తేగా!

డాక్టరుగారికి అరవై పైనే ఉంటాయి. చెవిలోకి లైటేసి చూసి "గుబిలేం లేదే" అన్నారు. ట్యూనింగ్ ఫోర్కు మోగించి నుదుటి మధ్య ఆనించి, "ఎటు వినపడుతోంది?" అనడిగారు. ఎడమవైపన్నా. ఆయన మొహంలో నవ్వు పోయింది. చెవిలో ఏదన్నా అడ్డుంటే ఆ అడ్డున్న చెవిలోనే గట్టిగా వినపడాలట. బాగున్న చెవిలో వినపడిందంటే తేడా లోపల, నరం వైపన్నమాట. ఆ సాయంత్రమే ఆడియోగ్రామ్ తీయించి, షుగరుందా అని అడిగి, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టించారు. ఇలా హఠాత్తుగా వినికిడి పోతే మందు మొదటి రెండు వారాల్లోపే పడాలట, ఎంత ముందైతే అంత మంచిదట. కొందరికి దానంతటదే తిరిగొస్తుంది, కొందరికి ఎంత వాడినా రాదు.

"శనివారం దాకా ఆగుంటేనో?" అన్నా. "ఆగలేదుగా" అన్నారు, అంతే.

నాకు చాలావరకు తిరిగొచ్చింది. రాత్రిళ్ళు సన్నటి కూత మాత్రం మిగిలింది.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, ప్లంబరు నంబరు ఫోన్లో దాచుకుంటాం కదా, దాని పక్కనే దగ్గర్లోని చెవి డాక్టరు నంబరు కూడా పెట్టుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడ్డం మానేస్తే నూనె సీసా తియ్యకండి, ఆ రోజే పరిగెత్తండి. అపాయింట్‌మెంటు శనివారం దాకా ఆగుతుందేమో గానీ చెవి ఆగదు.