డిక్కీలో ఫ్లోరిన్

విజయవాడలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి వెనక గేటు దగ్గర, ఇంకా తెల్లవారకముందే కారు ఆగింది. పెట్ స్కాన్‌కు వాడే ఎఫ్‌డీజీ మందు అందులో ఉంది. హైదరాబాద్ సైక్లోట్రాన్ కేంద్రంలో తయారై రాత్రికి రాత్రే బయల్దేరింది. డ్రైవరు డిక్కీ తీశాడు. లోపల సీసం డబ్బా ఉన్న పెట్టెను కదలకుండా బెల్టులతో బిగించారు. దాని మీద డైమండు ఆకారపు లేబుల్: పైసగం పసుపు, కిందిసగం తెలుపు, రెండు ఎర్ర గీతలు, గడిలో 0.4 అన్న అంకె.

ఆ అంకెను ఎలా చదవాలో ఆసుపత్రి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు మేడమ్ చెప్పారు. పదితో గుణిస్తే, పెట్టెకు మీటరు దూరంలో గంటకు ఎన్ని మైక్రోసీవర్టుల రేడియేషనో తేలుతుంది. ఇక్కడ 4. రెండు మీటర్ల దూరంలోని డ్రైవరు సీటు దగ్గరికి అది సుమారు 1కి తగ్గుతుంది. అదే పెట్టెను పక్క సీట్లో, అర మీటరు దూరంలో పెట్టుకుంటే 16! సాధారణ ప్రజలకు ఏడాదికి పరిమితి 1000. అప్పుడప్పుడూ వచ్చేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. రోజూ ఇదే పనిగా తిరిగే మనిషికి బెల్టు ఎక్కడ బిగించారన్నదే ముఖ్యం.

ఈ మందులోని ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. 220 నిమిషాల ప్రయాణానికి మిగిలేది పావు వంతే. ఇక్కడ పది మందికి సరిపోవాలంటే అక్కడ నలభై మందికి సరిపడా నింపాలి. దారిలో తరిగిపోయే ఆ ముప్పై వంతులూ డ్రైవరు వీపు వెనకే తరుగుతాయి. దగ్గర్లో సైక్లోట్రాన్ ఉండాలని నేననేది రోగుల కోసమే కాదు.

“దారిలో లిఫ్ట్ అడుగుతారు సార్, ముసలివాళ్లు కూడా. ఎక్కించుకోను,” అన్నాడు డ్రైవరు. పసుపు లేబుల్ పెట్టె ఉన్న బండిలో వేరేవాళ్లు ఎక్కకూడదన్నది నియమం.

ఆయన జేబుకి, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంది. మూడు నెలలకోసారి మారుస్తారట. రీడింగు ఎంత వచ్చిందని అడిగాను.

“అది ఆఫీసుకొస్తుంది సార్. మాకెవరూ చెప్పరు.”

మేడమ్ రిజిస్టరు మూసేశారు. “ఈసారి అడిగి కాపీ తీసుకో బాబూ. అది నీ ఒంటి లెక్క. తెస్తే నేను చదివి చెప్తాను,” అన్నారు.