ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు

19 జూన్ 2023, సోమవారం
మైపాడు దగ్గర, పల్లెపాలెం

ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం మొన్న 14తో ముగిసింది. బోట్లు మళ్ళీ నీళ్ళలోకి దిగాయి. పొద్దున బడికి పోతూ ఒడ్డున కాసేపు ఆగాను. మా తొమ్మిదో తరగతి పిల్ల వాళ్ళ తాత పక్కన ఇసకలో కూర్చుని ఫోన్‌లో వచ్చిన మెసేజీ చదివి వినిపిస్తోంది. హైదరాబాదు ఇన్‌కాయిస్ వాళ్ళు మత్స్యకారులకు పంపే చేపల జాడ అది. ఏ రేవు నుంచి ఏ దిక్కుకు పోవాలి, ఎన్ని కిలోమీటర్లు పోవాలి, అక్కడ లోతు ఎన్ని మీటర్లు, అన్నీ అందులో ఉంటాయి. ఉపగ్రహాలు సముద్రం పైనీటి వేడిని, నీళ్ళలోని పచ్చదనాన్ని కొలుస్తాయి. వెచ్చటి నీళ్ళూ చల్లటి నీళ్ళూ కలిసే చోట మేత పెరుగుతుంది, మేత ఉన్న చోటికి చేప చేరుతుంది. మబ్బు పడితే మాత్రం ఆ కన్ను సరిగ్గా పని చెయ్యదు.

"మీటర్లు నాకెందుకు మే, బారల్లో చెప్పు" అన్నాడు తాత. పిల్ల వేళ్ళ మీద లెక్క వేసింది. ముప్పై ఆరు మీటర్లంటే ఇరవై బారలు. తాత కాసేపు గాలి చూశాడు. "ఇరవై బారల కాడ నేల మంచిది కాదు, వల చినుగుద్ది. పైనించి చూసేవోడికి నీళ్ళు తెలస్తాయి గానీ నేల తెలీదు" అన్నాడు. "నేల సంగతి నీకెట్టా తెలుసు తాతా?" అని పిల్ల అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. తాడుకు గుండు కట్టి దించితే గుండుకు అంటుకొచ్చే మట్టి, వాళ్ళ నాయన చూపించిన గుర్తులు, వల పోగొట్టుకున్న చోట్లు. బడి గంట కొట్టేదాకా ఆయన చెప్తూనే ఉన్నాడు, పిల్ల వింటూనే ఉంది.

నాకు ఇవాళ చాలా సంతోషంగా ఉంది. ఫోను ఆ పిల్లనీ తాతనీ విడదీయలేదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్న వాళ్ళిద్దరినీ కలిపింది.

14 జూలై 2023, శుక్రవారం

మధ్యాహ్నం 2.35కు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. కిందటేడు ఏప్రిల్ దాకా శ్రీహరికోట మా నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లా. రాకెట్ లేచే రోజు దక్షిణం వైపు చూడటం ఈ తీరంలో అందరికీ అలవాటు. ముందు పిల్లలంతా బయటికి పరిగెత్తారు, తర్వాత తరగతిలో తెర ముందుకు చేరారు. "నేరుగా పైకి పోకుండా సముద్రం మీదికి ఎందుకు వంగుద్ది టీచర్?" అని ఒకడు అడిగాడు. భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి అటు పోతే ఆ వేగం కలిసొస్తుంది, కాలి ఊడిన భాగాలు ఊళ్ళ మీద కాకుండా నీళ్ళలో పడతాయి అని చెప్పాను. వాడి కళ్ళు వెలిగాయి.

సాయంత్రం యానాది కాలనీకి పోయాను. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) కోసం అప్పట్లో ఆ దీవి వదిలి బయటికి వచ్చినవాళ్ళలో యానాదులు ఉన్నారు. ఈ కాలనీలో బడికి రాని పిల్లవాడొకడు ఉన్నాడు. పుట్టిన తేదీ కాగితం లేదు, అందువల్ల ఆధార్ లేదు. ఇవాళ బియ్యం కార్డు నుంచి స్కాలర్‌షిప్ దాకా అన్నీ కంప్యూటర్‌లోనే. అందులో పేరు లేని పిల్లవాడు ఎదురుగా నిలబడినా లెక్కలోకి రాడు. డిజిటల్ తరం అని అందరినీ ఒక్క మాటలో చెప్పేవాళ్ళకు ఈ కాలనీ చూపించాలి. సోమవారం వాళ్ళ అమ్మను వెంటబెట్టుకుని గ్రామ సచివాలయానికి పోవాలి.

30 ఆగస్టు 2023, బుధవారం

బళ్ళలోకి సెల్‌ఫోన్లు తేకూడదని ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. పోయిన నెల యునెస్కో నివేదిక కూడా ఇలాంటి మాటే చెప్పింది. చదువుకు పనికొస్తుందని రుజువైన చోటే ఫోను ఉండాలని, ప్రపంచంలో నాలుగింట ఒక వంతు కన్నా తక్కువ దేశాలే దాన్ని బడిలో నిషేధించాయని. ఉత్తర్వు మంచిదే. తరగతిలో ఫోను మోగితే పోయిన ధ్యాస తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది, రోజూ చూస్తున్నాను. కానీ బడి వదిలాక రాత్రి పదింటిదాకా ఉన్న సమయం ఏ ఉత్తర్వుకూ అందదు.

ఈ తొమ్మిదో తరగతి బ్యాచ్ సంగతి ఎప్పుడూ నా మనసులో ఉంటుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైనప్పుడు వీళ్ళకు ఏడేళ్ళు. అప్పటికి పాలెంలో నెట్ ఉన్న ఫోన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. 2020 మార్చిలో బడి మూతపడేనాటికి అయిదో తరగతి. ఆ ఏడు దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం పాఠాలు, నాన్న ఇంట్లో ఉంటే ఫోన్‌లో వాట్సాప్ పాఠాలు. వీళ్ళకు ఆరో తరగతి గది తలుపు 2021 సంక్రాంతి దాటాక గానీ తెరుచుకోలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు రాష్ట్రమంతా ట్యాబ్‌లు ఇచ్చారు, అవీ వీళ్ళకే అందాయి. నెట్ లేకపోయినా అందులో పాఠాలు తిరుగుతాయి. సిగ్నల్ సరిగా అందని పాలెంకు అది చిన్న మేలు కాదు.

ఇంతా చేసి వీళ్ళకు ఏం వచ్చింది, ఏం రాలేదు? తెర మీద పని ఏదైనా వస్తుంది. రొయ్యల గుంట కాడ కాపలా ఉండే నాన్నకు వంద కౌంట్ రొయ్య (కిలోకు వంద తూగేది) రేటు ఎంత పలుకుతోందో గ్రూపులో చూసి చెప్తారు. అమ్మకు పింఛను ఎందుకు ఆగిందో కనుక్కుంటారు. కానీ వెతకాల్సింది టైపు చెయ్యరు, మైకు నొక్కి నోటితో చెప్తారు. జవాబు వీడియోగా వస్తుంది. చదివే పనీ లేదు, రాసే పనీ లేదు. నిన్న నా తరగతిలో ఒక మగపిల్లాడు, ఫోన్‌లో ఎంత చురుకో, సెలవు చీటీ రాయమంటే నాలుగు వాక్యాలకు గంట పట్టింది. వాడి తెలివికి లోటు లేదు. రాసే అవసరం వాడికి ఎక్కడా ఎదురు కాలేదు, అంతే.

8 సెప్టెంబరు 2023, శుక్రవారం

అంతర్జాతీయ అక్షరాస్యతా దినం. బళ్ళో ప్రతిజ్ఞ చేయించి వచ్చాను. మనసంతా 1991లో ఉంది.

అప్పుడు నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం. కాలేజీ చదువుతున్న నేను కూడా వాలంటీరుగా పోయాను. రాత్రి ఎనిమిది దాటాక, కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు చుట్టూ కూర్చునేవాళ్ళు. ఒకరు కూడబలుక్కుంటూ చదివితే పక్కవాళ్ళు అందించేవాళ్ళు. వాచకంలో సారా వల్ల కూలిన సంసారం కథ వచ్చినప్పుడు పాఠం ఆగిపోయి మాట మొదలయ్యేది. ఈ కొట్టు ఎవరిది, వేలంపాట ఎవరు పాడారు, ఆ డబ్బు ఎవరింటికి పోతోంది? కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళలో రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరి వెంట ఊరు లేచింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ ఆడవాళ్ళకు వచ్చిన అక్షరాలు కొంచెమే. అయినా అంత పని జరిగింది. చదివింది పదిమందిలో చదివారు, చదివిన ప్రతిదాన్నీ తమ ఇంటితో పోల్చి చూసి అడిగారు, అడిగినదాన్ని అర్జీగా రాసి వేలిముద్ర బదులు సంతకం పెట్టారు. వాళ్ళ మనవళ్ళూ మనవరాళ్ళే ఇప్పుడు నా ముందు కూర్చునేది. ఆ రోజు లాంతరు కింద అందిన దానికన్నా ఎన్నో రెట్లు వీళ్ళ అరచేతిలోకి వస్తోంది. వచ్చేది మాత్రం ఒక్కొక్కరికీ విడివిడిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో. ఇదెవరి డబ్బు, దీంతో ఎవరికి లాభం అని పక్కన కూర్చుని అడిగేవాళ్ళు లేరు. ఫోను చెడ్డదనే వాదన నాకు నచ్చదు. వీళ్ళ చేత అడిగించే పని మనం వదిలేశాం, నా బాధ అదే.

5 డిసెంబరు 2023, మంగళవారం

మిచౌంగ్ తుఫాను మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మూడు రోజులుగా ఇక్కడ ఒకటే వాన, ఈదురుగాలి. పాలెంలో సగం మంది మా బళ్ళోనే ఉన్నారు. కరెంటు లేదు. సిగ్నల్ వస్తోంది, పోతోంది.

నిన్న రాత్రి పాలెం గ్రూపులో ఒక వీడియో వచ్చింది. సముద్రం గోడలాగా లేచి పడవల్ని ఎత్తి కొడుతోంది. కృష్ణపట్నం అని, రాత్రికి ఇంకా పెద్ద అల వస్తుందని కింద రాసి ఉంది. ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. కొందరు ఆ చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని నెల్లూరికి నడిచిపోతామని లేచారు. అప్పుడు మా పిల్లలు ముగ్గురు నలుగురు ఆ ఫోను తీసుకుని చుట్టూ చేరారు. సెప్టెంబరు నుంచి నేను తరగతిలో రోజూ చేయిస్తున్న పనే అది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్ళకెట్టా తెలుసు? "ఆ పడవల ముక్కు చూడండి, మన పడవలు అట్టా ఉండవు" అన్నాడు ఒకడు, పుట్టినప్పటి నుంచి పడవల మధ్య పెరిగినవాడు. జూన్‌లో తాతకు మెసేజీ చదివిన పిల్ల వాతావరణ శాఖ బులెటిన్ తెరిచి గట్టిగా చదివింది. తేదీ, గంట, తుఫాను ఎక్కడుంది, ఎటు పోతోంది. వీడియోలో ఇవేవీ లేవు. లేచినవాళ్ళు కూర్చున్నారు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మంది దాకా పోయారు. అప్పుడు పల్లెలకు రేడియో వార్తే దిక్కు. ఇప్పుడు తుఫాను ఎటు కదిలినా గంటల్లో ఊరికి తెలుస్తోంది, సమయానికి జనాన్ని కదిలిస్తున్నారు. ఈ మేలును చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. అదే తీగ మీద అబద్ధమూ వస్తుంది. రెంటికీ తేడా చెప్పగలిగింది నిన్న రాత్రి ఆ పిల్లలే.

20 జనవరి 2024, శనివారం

మొన్న 17న పిల్లల చదువుల మీద అసర్ నివేదిక వచ్చింది. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు తిరిగి 14 నుంచి 18 ఏళ్ళ గ్రామీణ పిల్లల్ని చూశారు. దాదాపు తొంభై శాతం ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది, తొంభై శాతం పైగా పిల్లలకు వాడటం వచ్చు. ఆ పిల్లల్లోనే నాలుగింట ఒక వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేరు. ఫోను వాడటం వచ్చినవాళ్ళలో సొంత ఫోను ఉన్న మగపిల్లలు 43.7 శాతం, ఆడపిల్లలు 19.8 శాతం.

ఈ అంకెలు నాకు కొత్త కాదు, మా పాలెంలో ముఖాలతో సహా తెలుసు. తుఫాను రాత్రి బులెటిన్ చదివిన పిల్లకు సొంత ఫోను లేదు. వాళ్ళ అన్నకు ఉంది. అన్న ఇస్తే చూడాలి, అడిగితే తీసేసుకుంటాడు. పాలెంకు అందరికన్నా పనికొచ్చిన పిల్ల చేతికి ఆ పరికరం అందరికన్నా ఆలస్యంగా అందుతోంది.

26న జెండా పండక్కి తల్లిదండ్రులు బడికొస్తారు. వాళ్ళను రెండు అడగాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లో ఫోను ఉంటే రోజూ సాయంత్రం ఒక గంట ఆడపిల్లకు కేటాయించాలి, ఆ గంట అన్న తీసుకోకూడదు. వారానికి ఒక రాత్రి పెద్దవాళ్ళు వచ్చి బడి వరండాలో పిల్లలతో కూర్చోవాలి. ఆ వారం ఫోన్‌లో చూసింది పిల్లలు చెప్తారు, పెద్దవాళ్ళు అడుగుతారు. పెద్దవాళ్ళకు తెలిసింది వాళ్ళు చెప్తారు, పిల్లలు అడుగుతారు. చివర్లో ఆ వారం ఊరికి కావలసింది ఏదో ఒకటి పిల్లలు అర్జీగా రాస్తారు. మొదటిది యానాది కాలనీ పిల్లవాడి ఆధార్ గురించే. జూలై నుంచి తిరుగుతున్నా అది ఇంకా తేలలేదు.

ఈ తరానికి చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు, నడక రాకముందే తెర తోయడం వచ్చేసింది. అడగడం, చదివి సరిచూసుకోవడం, తన మాటను రాసి పంపడం మాత్రం పక్కన మనిషి కూర్చుంటే తప్ప రావు. 1991లో వాలంటీర్లమంతా చేసిన పని అది. ఇప్పుడు కూడా చెయ్యగలం. పిల్లలు సిద్ధంగా ఉన్నారు, నేను నా కళ్ళతో చూశాను.