మా పాత కారు

మాదాపూరునందలి మా యింట 2003వ సంవత్సరపు మారుతి 800 కారొకటి కలదు. అది కీర్తిశేషులైన మా మామగారు కొన్నది. అట్టి కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయెను.

గత వేసవిలో శిల్పారామము చెంత వాహనముల రద్దీలో చిక్కుకొనగా, వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీతను తాకెను. ఇల్లు దగ్గఱనే గదా యని ఆపక నడిపితిమి. తప్పు మాదే. మఱునాడు పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి వెడలెను. ఇంజిను నూనె పాలు కలిపిన కాఫీవలె మారెను. మరమ్మతుదారుడు పాత యినుమునకు అమ్ముడనెను. అత్తగారు మాటాడక లోనికేగిరి. అది చూచి, మేము దంపతులము ఆ పనికి పూనుకొంటిమి.

సోదరీమణులారా! ఇంజిను మొండెమునకును తలకును నడుమ నుండు పలుచని పొరయే హెడ్ గాస్కెట్టు. నిప్పును, నీటిని, నూనెను కలిసిపోనీయక కాచునది అదియే. ఇంజిను చల్లారిన పిదప నీరు దింపి, టైమింగు బెల్టు తీసి, బోల్టులను అంచులనుండి నడిమికి కొంచెము కొంచెముగా వదలు చేసితిమి. తల స్వల్పముగా వంగియుండగా లేతుపనివాడు చదును చేసియిచ్చెను. బిగించునపుడు నడిమినుండి అంచులకు, టార్కు రెంచితో, విడతలుగా బిగింపవలెను. తొందరపడిన క్రొత్త గాస్కెట్టును చెడును.

రెండు ఆదివారములు గడచెను. క్రొత్త నూనెయు శీతలద్రవమును పోసి తాళము త్రిప్పితిమి. ముల్లు నడుమనే నిలిచెను. అత్తగారు వచ్చి ముందు సీటున కూర్చుండి, "దుర్గము చెఱువు దాక పోదము" అనిరి.

ముల్లు ఎఱ్ఱగీతను చేరినచో వెంటనే బండి నాపుడు; వేడి తగ్గువఱకు రేడియేటరు మూత తీయకుడు. అంతమాత్రపు ఓర్పు మాకుండినచో ఇంత శ్రమ లేకపోయెడిది.