నాన్న బొటనవేలు, మా అంబాసిడరు

రిలీజు ముందు రెండు రాత్రులు నిద్ర మానుకుని డీబగ్ చేసి, చివరికి తప్పు మనదేనని తేలడం మీలో చాలామందికి అనుభవమే. ఈసారి నాకది ఆఫీసులో కాదు, గరివిడిలో మా ఇంటి పెరట్లో జరిగింది.

మా ఊరు తెలియనివాళ్ళకి... విజయనగరం జిల్లా, చీపురుపల్లి పక్కన. ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు.

మాకో అంబాసిడర్ ఉంది. 1984 మార్క్ 4, పెట్రోలు. నాన్న 1999లో సెకండ్ హ్యాండులో కొన్నారు. అక్క పెళ్ళికీ, నా కౌన్సిలింగుకీ అదే బండి. రెండేళ్ళుగా నీలం పొగ కక్కుతోంది. పైగా ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. ఇంక పాత ఇనప సామాన్ల వాడికి ఇచ్చేద్దామన్నారు నాన్న.

నేనొద్దన్నాను. బండి మీద ప్రేమ సగమే. నాన్న ఒక జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేశారు. మగ్గాల మోతకి చెవులు పోయాయి. ఫోన్ చేస్తే "ఆఁ? ఏటి?" అని రెండుసార్లు అడిగి అమ్మకి ఇచ్చేస్తారు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ మా ఇద్దరి మాటలూ "తిన్నావా"తో మొదలై అక్కడే అయిపోతున్నాయి. అందుకే సంక్రాంతికి వెళ్ళినవాణ్ణి ఫిబ్రవరంతా వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టేసి, ఇంజను ఇంట్లోనే విప్పుదామన్నాను. ఎగాదిగా చూశారు గానీ, మర్నాడు పొద్దున్నకల్లా అరువు తెచ్చిన చైన్ పుల్లీ చింతచెట్టుకి వేలాడుతోంది.

ఆ ఇంజను 1489 సీసీ బీఎంసీ డిజైను. 1950ల్లో ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో పెట్టిన ఇంజనూ ఈ కుటుంబంలోదేనని చెప్తే నాన్న నమ్మలేదు. మా బండి స్పీడు చూస్తే నేనూ నమ్మను :)

హెడ్డు ఊడదీశాక సిలిండర్ పైభాగంలో గోరు పెట్టి గీరి చూడమన్నారు. చిన్న గట్టు తగిలింది. రింగులు తిరిగినంత మేరా బోరు అరిగిపోయి, అవి అందని పై అంచు మాత్రం పాత సైజులోనే మిగిలిపోయిందన్నమాట. బ్లాకు విజయనగరం తీసుకెళ్ళి బోరింగ్ చేయించి, ఇరవై థౌ ఓవర్ సైజు పిస్టన్లు కొన్నాం. మిగతాదంతా ఇంట్లోనే. వాల్వులు పేస్టు రాసి అరగదీయడం, కొత్త బేరింగులు, గ్యాస్కెట్లు. బేరింగ్ క్యాపులకి నంబర్లు పంచ్ చేయకుండా నేను విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు. పగలు ఇది, రాత్రి స్టాండప్ కాల్సు. గోళ్ళలో నలుపు చూసి మా మేనేజరు ఏమైందని అడిగాడు కూడా.

అన్నీ బిగించాం. స్టార్ట్ అవలేదు. తిప్పినప్పుడల్లా కార్బురేటర్లోంచి "ఫట్" మని మంట. రెండ్రోజులు కాయిలూ, ప్లగ్గులూ, పెట్రోలూ చూశాను. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, మూడుసార్లు సరిచూశాను. టైమింగ్ గుర్తు కరెక్టుగానే ఉంది. డిస్ట్రిబ్యూటర్ పెట్టింది నేనే కాబట్టి దాని మీద నాకు అనుమానమే రాలేదు.

మూడోరోజు నాన్న ప్లగ్గులన్నీ తీసేసి, ఒకటో సిలిండర్ కన్నం మీద బొటనవేలు పెట్టి, "హ్యాండిల్ తిప్పు" అన్నారు. తిప్పాను. ఒక రౌండు, ఏమీ లేదు. రెండో రౌండులో గాలి ఆయన వేలుని పైకి తన్నింది. "ఆపు! ఇప్పుడు రోటరు సూడు" అన్నారు.

రోటరు నాలుగో నంబరు వైపు చూస్తోంది.

క్రాంకు రెండుసార్లు తిరిగితే క్యామ్ ఒక్కసారి తిరుగుతుంది. అంటే పిస్టన్ పైకొచ్చి టైమింగ్ గుర్తు కలవడం ప్రతి సైకిల్లో రెండుసార్లు, ఒకటి కంప్రెషన్లో, ఒకటి ఎగ్జాస్టులో. నేను ఎగ్జాస్టులో చూసి పెట్టేశాను. బీటెక్ లో ఫోర్ స్ట్రోక్ సైకిల్ బొమ్మ వేసి మార్కులు కొట్టినవాణ్ణే!

డ్రైవ్ గేరు తీసి పద్ధతిగా పెడదామన్నాను. ఆయన వినిపించుకోలేదు (నిజంగానే వినపడలేదో, వినపడనట్టు నటించారో తెలీదు). క్యాపులో నాలుగు వైర్లూ పీకి, ఒక్కొక్కటీ ఎదుటి కన్నంలోకి మార్చేశారు. రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. ప్రొడక్షన్లో హాట్ ఫిక్స్ అంటే ఇదే. తర్వాత నాకు పెయింటు డబ్బా ఇచ్చి, "రేపు ఎవడైనా ఇప్పితే తికమక పడతాడు, రాసెట్టు" అన్నారు. బానెట్ లోపలివైపు "డిస్ట్రిబ్యూటర్ తిరగబడి ఉంది, వైర్లు కూడా" అని తెలుగులోనే రాశాను.

ఇంజను అలా తిరుగుతుండగా ఆయన పొడుగు స్క్రూడ్రైవర్ మొన రాకర్ కవర్ మీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. అంగుళం అంగుళం జరుపుతూ వెళ్ళి మధ్యలో ఒకచోట ఆగారు.

"ఇక్కడ టాపెట్ కొడతంది."

నాకేమీ వినపడలేదు. కవర్ విప్పి ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. మూడో సిలిండర్ దగ్గర ఒక టాపెట్ వదులుగానే ఉంది.