గోగు గోదాం

11 జూన్ 2025, బుధవారం

ఏరువాక పున్నమి. సాలలో ఎడ్లు లేవు. అత్త మాత్రం పొద్దున్నే లేచి గుమ్మానికి పసుపు రాసింది. నేనేమీ అనలేదు.

మధ్యాహ్నం జెయింట్ వీల్ మేస్త్రీ వచ్చాడు. మొన్న మన కనకమహాలక్ష్మమ్మ జాతరలో చక్రం తిప్పినాయన. వానలు వెళ్ళేదాకా సామాను పెట్టుకుంటాం, గోదాం అద్దెకిస్తారేటమ్మా అన్నాడు. ఖాళీయే కదా, అని కూడా అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

ఖాళీయే. మావయ్య గోగునార కోసం కట్టించినది. మూడు గదులు, రాతిగోడలు, తాటి దూలాలు. చుట్టుపక్కల నారంతా ఇక్కడికే వచ్చేది. కట్టలు కట్టి నెల్లిమర్ల జూట్ మిల్లుకి లారీ ఎక్కించేవాళ్ళం. ఇప్పుడు మేమే గోగు వేయడం లేదు. చెరువులో ఊరబెట్టి, ఆ కంపులో, నడుంలోతు నీళ్ళలో నిలబడి నార తీసే మనుషులేరీ? ప్లాస్టిక్ సంచులొచ్చాక ధరా లేదు. గరువంతా మొక్కజొన్నే.

అత్తకి ఎలా చెప్పాలి?

17 జూన్, మంగళవారం

సామాను దిగింది. ఇరుసు దించడానికి గొలుసూ కప్పీ కట్టాల్సొచ్చింది. చక్రం ఆకులన్నిటికీ తెల్లరంగుతో అంకెలు. బావిలో మోటారుసైకిలు తిప్పే ఆట చెక్కలు కూడా ఉన్నాయి, వాటికీ అంకెలే. వరస తప్పితే ఒకదాని పక్కన ఒకటి కూర్చోదట. మేస్త్రీ బేరింగులకి గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు గోడవార పెట్టాడు.

అత్త అరుగు మీద కూచుని సాయంత్రందాకా చూసింది. ఒక్కటే అడిగింది. "తూరుపు గది ఇవ్వలేదు కదేటే?"

ఇవ్వలేదు. మిగతా రెండు గదులకీ నెలకి 7,000.

4 జూలై, శుక్రవారం

మేస్త్రీ కుటుంబం లారీలోనే ఉంటోంది, కళ్ళంలో ఆపుకుని. లారీ వెనకభాగం చెక్కలతో గది చేశారు. రెండు కిటికీలు, గుమ్మానికి తోరణం, లోపల గోడకి బిగించిన స్టవ్వు. ఏడాదిలో ఎక్కువ రోజులు అదే ఇల్లట.

రాత్రి మేస్త్రీ భార్య వచ్చి ఒక్క బల్బు అడిగింది. మోటారు షెడ్డు నించి తీగ లాగితే క్షణం పని. కానీ పంపుసెట్టు కరెంటు సేద్యానికని ఉచితంగా ఇస్తున్నది. దాంతో అద్దె గోదాంకి దీపం పెట్టకూడదు. వేరే మీటరుకి అర్జీ పెట్టాను. కమర్షియల్ రేటు పడుతుంది. పడనీ. మీటరు వచ్చేవరకూ ఇంట్లోని చార్జింగు లైటు ఇచ్చి పంపాను.

వాళ్ళ గుంట బడికి ఎప్పుడు వెళ్తుంది? అడగబోయి ఊరుకున్నాను.

26 జూలై, శనివారం

పల్లంలో ఉభాలు మొదలెట్టాం. గట్టు మీదికే వచ్చారు ఇద్దరు. గరువు ఇస్తే ప్లాట్లు వేస్తారట. "2022లో చీపురుపల్లి రెవెన్యూ డివిజన్ అయింది, మెయిన్ లైను మీద స్టేషనుంది, ఇంతకన్నా రేటు ఎప్పుడొస్తాదమ్మా?" బురదకాళ్ళతో నిలబడే విన్నాను. టీ ఇవ్వలేదు. ఇవ్వాలనిపించలేదు.

పెద్దోడికి ఫోన్ చేశాను. హైదరాబాదులో వాడికి అప్పుడే ఆఫీసు టైము. "అమ్మా, నీ ఇష్టం. కానీ లెక్క వేసుకో" అన్నాడు.

వేసుకున్నాను. ఈసారి ఎరువుల కొట్లో ఖాతా రాయించలేదు. విత్తనం, ఎరువు, ఉభాల కూలి, అన్నీ అద్దె డబ్బులోంచే. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఇలాంటి ఏడు ఒక్కటీ లేదు.

ఆ అద్దె సేద్యం ఆదాయం కిందికి రాదట, వేరే చూపాలని ఆడిటరు చెప్పాడు. మన పంట దాచుకుంటే సేద్యం, పరాయి సామాను పెడితే కాదు. సరే, చూపిస్తాను. కానీ ఆ డబ్బు వెళ్ళి పడింది మడిలోనే కదా?

21 ఆగస్టు, గురువారం

ఈసారి కంటైనర్. రైలు మూడో లైను పనిలో ఉన్న కంట్రాక్టరు మనిషి అడిగాడు. సైటు ఆఫీసు ఎత్తేశారు, మళ్ళీ పని తగిలేదాకా పెట్టాలి. ఇరవై అడుగుల పెట్టె, ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. గోదాం గుమ్మంలో పట్టదు. కళ్ళం మూల చూపించాను.

హైడ్రా క్రేన్ వచ్చి దించింది. ఉత్త పెట్టే రెండు టన్నుల పైన ఉంటుందట. ఆ బరువంతా నాలుగు మూలల ఇనపదిమ్మల మీదే పడుతుంది, తడినేల మీద పెడితే ఒక మూల దిగబడి తలుపు పట్టేస్తుందని డ్రైవరు చెప్పాడు. నాలుగు మూలలా పాత రైలు స్లీపర్లు వేశాకే ఒప్పుకున్నాను.

పక్కన రంగు పెచ్చులూడిన చోట నాలుగు ఇంగ్లీషక్షరాలు, ఏడంకెలు, చివరి అంకె చుట్టూ గడి. ఒకప్పుడు ఓడలెక్కిన పెట్టేనట. ఏ దేశాల సరుకు మోసిందో. మా నారకట్టలతో చేసిన గోనెలు కూడా ఇలాగే ఎక్కడెక్కడికో వెళ్ళుంటాయి. మావయ్య వాటి వెంట ఎన్నడూ వెళ్ళలేదు.

కళ్ళం పట్టా భూమి. ఇలా వాడితే భూమి మార్పిడి సంగతేమిటో తాసిల్దారాఫీసులో అడగాలి.

25 సెప్టెంబరు, గురువారం

చక్రం వెళ్ళిపోయింది. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను అక్టోబరు 7న, ముందే వెళ్ళి బిగించుకోవాలట. అంకెలు చదువుతూ ఒక్కొక్క ఆకూ ఎక్కించారు. గుంట చదువుతోంది, మేస్త్రీ టిక్కు పెడుతున్నాడు. ఒక్క అంకె తప్పు చదవలేదు. బడికి వెళ్ళని పిల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ.

బావి చెక్కలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. గదులు ఊడ్చాను. అత్త రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. ఏం వెతికిందో.

9 అక్టోబరు, గురువారం

దీపావళి పదకొండు రోజుల్లోకి వచ్చింది. బాణసంచా వ్యాపారి ఒకాయన, రెండు వారాలకే నాలుగు నెలల అద్దె ఇస్తానన్నాడు. డబ్బు చేత్తో పట్టుకునే వచ్చాడు.

నిన్ననే కోనసీమ రాయవరంలో బాణసంచా కేంద్రం కాలిపోయింది. ఏప్రిల్లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది పోయారు. ఆ పేర్లు పేపర్లో చదివినప్పుడు అందరూ కూలికెళ్ళిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ. లైసెన్సు ఉందా అని అడిగాను. "రెండు వారాలకి లైసెన్సేటమ్మా" అన్నాడు.

పొమ్మన్నాను. గొంతు పెద్దదే అయింది. అత్త లోపల్నించి కేకేసింది, ఎవరే అని. ఎవరూ లేరన్నాను.

28 అక్టోబరు, మంగళవారం

మొంథా తుపాను. రాత్రికి కాకినాడ వైపు దాటుతుందంటున్నారు. ఇక్కడ నిన్నటినించీ వానే.

పొద్దున్న కంట్రాక్టరు మనిషికి ఫోన్ చేశాను. మీ పెట్టె కదలదు లెండి, అంత బరువు, అన్నాడు. పెట్టె గురించి కాదు నా భయం. 2014లో హుద్‌హుద్ రోజున ఈ కప్పు మీద ఒక్క పెంకు మిగల్లేదు. గాలి కిందనించి దూరి ఎత్తేసింది. మా ఆయన తూరుపు గదిలో తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు మధ్యాహ్నమంతా. ఆ తర్వాతే రేకులు వేయించాం.

కంబారీ నేనూ రేకుల హుక్కులన్నీ బిగించాం. ఇసకబస్తాలు పైకెక్కించాం. బావి చెక్కలకి అడుగున ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. మనవి కావు, అయినా తడవనిస్తామా? మేస్త్రీ ఎక్కడినించో ఫోన్. చెక్కలెలా ఉన్నాయని అడగలేదు. "మీరెలా ఉన్నారమ్మా" అన్నాడు.

వరి పాలుపోసుకుంటోంది. రాత్రికి ఎంత పడిపోతుందో.

6 డిసెంబరు, శనివారం

పల్లపు మడిలో వరి కొంత పడింది. మిగతాది నిలిచింది. నూర్చాం, ఎండబెట్టాం, బస్తాలకెత్తాం. తూరుపు గదిలో గోడ దాకా పేర్చాం. ఎన్నేళ్ళయింది ఆ గది నిండి!

కళ్ళంలోకే వచ్చాడు దళారి. తేమ ఎక్కువుంది, మబ్బు పట్టింది, ఇప్పుడే ఇచ్చేయండి అన్నాడు. మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369. ఆయన చెప్పిన రేటు ఇక్కడ రాయను, రాస్తే కోపమొస్తుంది. తేమ 17 శాతం దాటకూడదు, అంతేగా. గది ఉంది, గాలి ఆడుతుంది, ఆరనిస్తాను. రైతు సేవా కేంద్రంలో నా వంతు వచ్చినప్పుడే తూకం.

కప్పు లేనివాళ్ళు ఇవాళే ఇచ్చేశారు. పక్కింటి తమ్ముడి ధాన్యం రోడ్డు మీదే ఉంది. వాడి బస్తాలు కూడా లోపల పెట్టించాను. అద్దె ఎంతప్పా అన్నాడు. నోరు మూసుకోమన్నాను.

సాయంత్రం కంట్రాక్టరు మనిషి. పైపులకి తూరుపు గది కావాలట, రెండింతలిస్తాడట. బస్తాలు చూపించాను. "అవి తీసేశాక?" అన్నాడు. జవాబు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? రాత్రంతా అదే.

20 జనవరి 2026, మంగళవారం

ధాన్యం వెళ్ళింది. డబ్బు పడింది. పక్కింటివాడికీ పడింది.

మేస్త్రీ కుటుంబం శంబర పోలమాంబ జాతరకి వెళ్తూ ఆగారు, బావి చెక్కలు ఎక్కించుకోడానికి. ఆవిడ అత్తకి చీర తెచ్చింది. ఈసారి మూడేళ్ళకి రాసుకుందామన్నాడు మేస్త్రీ. ప్రతి జూన్‌లోనూ ఎక్కడ దింపాలో తెలియక తిరగడం కష్టంగా ఉందట. నెలకి 8,000. ఇంకోటి కూడా అడిగాడు. గుంటని ఇక్కడే బడిలో వేస్తే, వాళ్ళు తిరిగే నెలల్లో మా ఇంట్లో ఉంచుకుంటారా అని. నేను నోరు తెరిచేలోగా అత్త "ఉండనీ" అనేసింది.

కాగితం రాయడానికి కూచున్నాను. డీజిలు, గ్యాసు బండలు, మందుగుండు లోపల పెట్టకూడదు. మీటరు బిల్లు వాళ్ళది. కప్పు మరమ్మతు మాది. తుపాను హెచ్చరిక వస్తే ఎవరి సామాను ఎవరిదని చూడకుండా ఇద్దరూ రావాలి.

తూరుపు గది ఏ అగ్రిమెంటులోనూ ఉండదు. మేస్త్రీకి ఇవ్వను, కంట్రాక్టరుకీ ఇవ్వను. పంట లేని నెలల్లో ఖాళీగా ఉంటే ఉంటుంది. కోతలప్పుడు అది మాదీ, వీధిలో కప్పు లేనివాళ్ళదీ. కంట్రాక్టరు మనిషికి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. కంటైనర్ ఉంచుతాడో తీసుకెళ్తాడో ఆయనిష్టం.

మూడేళ్ళు. రిజిస్ట్రేషన్ చేయించాలి. గరువు అమ్మేది లేదని కూడా దాంతోనే తేలిపోయినట్టు. పెద్దోడి సంతకం కావాలంటారేమో. పెడతాడా? పెడితే వాడు తిరిగొస్తాడని అనుకోవచ్చా, లేక అమ్మ మాట కాదనలేక పెట్టాడనుకోవాలా? ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడుగుతాను.