టారిఫ్ అంటే ఏంటి మావయ్యా?

చిన్నపిల్లలకి టారిఫ్ గురించి చెప్పాలంటే డెఫినిషన్ దగ్గర మొదలుపెట్టకూడదండీ, వంటింట్లో నూనె ప్యాకెట్ దగ్గర మొదలుపెట్టాలి. మా అక్క పిల్లలకి (ఒకరికి ఎనిమిది, ఇంకొకరికి ఆరు) నేను అలాగే చెప్పాను. ట్రంప్ గారి పుణ్యమా అని ఆ మాట వాళ్ళ నోటికి కూడా వచ్చేసింది మరి!

మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. పామాయిల్ అయితే ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి. ఏలూరు దగ్గర మా నాన్నకీ పామాయిల్ తోట ఉంది. బయటి నూనె మరీ చవగ్గా దిగితే ఇక్కడ గెలల రేటు పడిపోతుంది. అందుకని ఓడరేవులో ఒక టోల్ గేటు అన్నమాట. విజయవాడ హైవే మీద రోజూ చూసేదే కాబట్టి ఇంతవరకూ సులువుగానే ఎక్కింది. 2024 సెప్టెంబర్లో ఆ గేటు రేటు పెంచారు. ముడి పామాయిల్ మీద సెస్సులతో కలిపి 5.5 శాతం ఉన్నది 27.5 అయింది. అంటే 100 రూపాయల సరుక్కి ఇరవై ఏడున్నర.

"ఆ డబ్బులు ఇండోనేషియా వాళ్ళు కడతారా?" అంది పెద్దది. మా ఆఫీసులో కూడా సగం మంది అలాగే అనుకుంటారు లెండి. కట్టేది సరుకు దింపుకునే ఇక్కడి వ్యాపారే. అందులో చాలావరకు మళ్ళీ ప్యాకెట్ రేటులోకే వస్తుంది. (అవతలివాడు కూడా కొంత తగ్గించుకోవచ్చనుకోండి, ఆరేళ్ళవాడికి అదంతా ఎందుకు!)

వెంటనే చిన్నోడు, "అంటే తాతయ్య కోసం అమ్మ ఎక్కువ డబ్బులిస్తోందా?"

అవును, అదే. అక్క నూనె ఖర్చు గురించి సణుగుతుంది, నాన్న గెలల రేటు గురించి. ఇద్దరిదీ న్యాయమే. నా మటుకు నాకు రైతు కోసం గేటు ఉండాలనే అనిపిస్తుంది. కానీ ఎప్పటికప్పుడు రేటు మార్చేస్తే ఎలా? 2025 మే 30న 27.5ని 16.5కి దించేశారు. నిండా తొమ్మిది నెలలు కాలేదు! పామాయిల్ మొక్క కాపుకి రావడానికే మూడు నాలుగేళ్ళు, ఆ తర్వాత పాతికేళ్ళ దాకా కాపు. పోనీ రేటు వచ్చేదాకా దాచుకుందామంటే అదేమైనా ధాన్యమా.. గెల కోశాక 24 గంటల్లో మిల్లుకి చేరాలి. క్రికెట్లో ఆట మధ్యలో బౌండరీ జరిపితే ఒప్పుకుంటారా అని పిల్లల్ని అడిగితే, ఇద్దరూ ఒక్కసారే "తొండి!" అని అరిచారు.

ఇంకో రెండెకరాల్లో పామాయిల్ వెయ్యనా, మొక్కజొన్నతో సరిపెట్టుకోనా అని నాన్న ఫోన్లో అడుగుతున్నారు. "కంప్యూటర్లో చూసి చెప్పరా" ట. నాలుగేళ్ళ తర్వాతి గేటు రేటు ఏ కంప్యూటర్లో చూడాలో మరి..