రెండు టికెట్ల మనిషి

నాది కాస్త భారీ విగ్రహం. విమానమెక్కితే బెల్టు చాలదు, అదనపు ముక్క అడగాలి. పక్కవాడి నవ్వు మాత్రం అడక్కుండానే వస్తుంది!

2010 ఫిబ్రవరిలో హాలీవుడ్ దర్శకుడు కెవిన్ స్మిత్‌ను, లావని సౌత్‌వెస్ట్ విమానం నుంచి దింపేశారు. పాపం, ఆయన ముందే రెండు సీట్లు కొన్నాడు. ఇంకాస్త ముందు బయల్దేరే ఫ్లైటులో ఒక్క సీటే ఖాళీ ఉంటే ఎక్కాడు, అంతే! తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పిందనుకోండి.

కెనడా దారి వేరు. వైకల్యం కిందికి వచ్చే స్థూలకాయులను, దేశంలోపలి ప్రయాణాల్లో రెండో సీటుకు డబ్బడగరాదని 2008లో అక్కడి రవాణా సంస్థ ఎయిర్ కెనడా, వెస్ట్‌జెట్‌లను ఆదేశించింది.

పక్కవాడికీ చోటు కావాలి, కాదనను. రూలుంటే టికెట్ కొనేటప్పుడే చెప్పండి. నలుగురిలో నిలబెట్టి కొలవకండి. తెరమీద లావుపాటి నటి కనబడగానే ఈల వేసే తమ్ముళ్లూ! అంతమంది చూస్తుండగా దిగిపోయేవాడికి ఆ నడవా ఎంత పొడుగో ఒక్కసారి ఊహించండి.